ఫోనులోని సహాయకుని జ్ఞాపకాలు చెరిపేదెట్లా?

ఈనాటి ప్రసంగ విషయం చేతిలో ఫోను ఉన్న ప్రతి ఇంటికీ సంబంధించినది. తెలుగులోనో కన్నడంలోనో అడిగితే బదులు చెప్పే ఏఐ సహాయకుడు మీలో చాలామందికి పరిచయమే. ఉత్తరం రాసిస్తాడు, మందుచీటీ చదివి చెబుతాడు, పిల్లలకు లెక్కలు చేసి చూపుతాడు. ఈ మధ్య ఆయనకు ఇంకొక గుణం వచ్చింది. మన గురించి కొన్ని సంగతులు గుర్తు పెట్టుకుంటున్నాడు. ఆ గుర్తు పెట్టుకున్నది మనకు వద్దనిపిస్తే తీసివేయడం ఎట్లా, తీసివేశామనుకున్నది నిజంగా పోతుందా అన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఒక ఇంటి సంగతి చెబుతాను. ఇది ఊహించి చెబుతున్నదే గనుక ఎవరి ఇల్లా అని వెతకవద్దు. మాలూరు తాలూకా లక్కూరులో ఒక రైతు ఇల్లు అనుకోండి. ఇంట్లో మాట తెలుగు. కాగితాల మీద కన్నడం. హొసూరు వైపు వారితో బేరసారాలు అరవంలో. ఇంటాయన తమాటా పెట్టాడు, రెండు పాడి ఆవులున్నాయి. ఇంటికంతా మంచి ఫోను ఒక్కటే. పగలు ఇంటావిడ దగ్గర ఉంటుంది, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన కొడుకు చేతికి పోతుంది, రాత్రి ఇంటాయన కోలారు మండీలో తమాటా పెట్టె ధర చూసుకుంటాడు. ఇందులో వింత ఏమీ లేదు, మన వైపు సగం ఇళ్ళలో ఇదే వరస.

ఆ ఇంటావిడ చెల్లెలికి ఆపరేషను అవసరమైంది. చేతిలో డబ్బు లేదు. తన గొలుసు కుదువ పెట్టి చెల్లెలికి సాయం చేసింది. మొగుడికి చెప్పింది, అత్తకు చెప్పలేదు. వడ్డీ ఎంత పడుతుంది, ఏ నెలకు విడిపించుకోవచ్చు అని ఒక మధ్యాహ్నం ఫోనులో సహాయకుణ్ణి అడిగింది. ఆయన చక్కగా లెక్క వేసి చెప్పాడు. ఆమె తెలివిగలదే. ఆ రాత్రే ఆ సంభాషణ మొత్తాన్ని వేలితో నొక్కి పట్టుకుని డిలీట్ కొట్టింది. తెర మీద నుంచి పోయింది. నిశ్చింతగా పడుకుంది.

మూడు వారాల తరువాత కొడుకు అదే ఫోనులో, మామ పెళ్ళికి ఇంటి తరఫున ఎంత ఖర్చు పెట్టవచ్చో ఒక పట్టీ వేసి ఇమ్మని అడిగాడు. పక్కన మంచం మీద అవ్వ కూర్చుని ఉంది. వచ్చిన జవాబును పిల్లవాడు గట్టిగా చదివాడు. "మీ గొలుసు కుదువలో ఉంది గనుక, నెలనెలా వడ్డీకి కొంత పక్కన పెట్టుకుని మిగతాది..." అంతవరకు చదివి ఆగాడు. ఆగినా లాభం లేదు, అవ్వ చెవులు బాగానే పని చేస్తాయి. తరువాత ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆమె చేసిన తప్పేమిటి? సంభాషణ తుడిచింది గదా, మాట ఎక్కడ మిగిలింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే సహాయకుని జ్ఞాపకం ఎట్లా పని చేస్తుందో కొంచెం చూడాలి.

మనం జ్ఞాపకం అనగానే మనిషి తలలో జ్ఞాపకం లాంటిదే అనుకుంటాము. కాదు. ఈ సహాయకుని లోపల ఉండే యంత్రం, దాన్ని మోడల్ అంటారు, మీతో మాట్లాడి ముగించగానే మిమ్మల్ని పూర్తిగా మరచిపోతుంది. ప్రతిరోజూ పొద్దున కొత్తగా వచ్చి కూర్చునే గుమాస్తా లాంటిది. నిన్న ఎవరు వచ్చారో, ఏం అడిగారో అతనికి తెలియదు. అందుకని కంపెనీవారు ఒక ఏర్పాటు చేశారు. మీరు మాట్లాడుతున్నప్పుడు ముఖ్యమనిపించిన సంగతిని ఒక చీటీ మీద చిన్న వాక్యంగా రాసి వేరే చోట దాచుతారు. "ఈయనకు షుగర్ ఉంది", "కోలారు జిల్లాలో తమాటా సాగు చేస్తారు", "గొలుసు కుదువ పెట్టారు" - ఇట్లా. మళ్ళీ మీరు మాట మొదలుపెట్టగానే ఆ చీటీలను గుమాస్తా ముందు పెడతారు. అతను వాటిని చదువుకుని, ఎప్పటి నుంచో తెలిసినవాడిలాగా మాట్లాడతాడు. అంతే, ఇందులో మాయ ఏమీ లేదు.

ఇప్పుడు లక్కూరు ఇంటావిడ సంగతి తేలిపోయింది. ఆమె తుడిచింది సంభాషణను. చీటీ వేరే పెట్టెలో ఉంది. సంభాషణ పోయినా చీటీ పోలేదు.

నా చిన్నతనంలో మా ఇంట్లో పాల లెక్క వంటింటి గోడ మీద బొగ్గుతో గీసేవారు. రోజుకొక గీత. నెలాఖరుకు పాలావిడ వచ్చి గీతలు లెక్కపెట్టి డబ్బు తీసుకుని పోయేది, మా అవ్వ తడిగుడ్డతో గోడ తుడిచేది. కానీ పాలావిడ ఇంట్లో ఆమె గోడ మీద కూడా గీతలుండేవి. ఇక్కడ తుడిస్తే అక్కడివి పోవు గదా! పైగా సంక్రాంతికి సున్నం కొట్టాక కూడా మా గోడ మీద పాత బొగ్గు గీతలు మసకగా కనిపిస్తూనే ఉండేవి. ఆ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, ముందు ముందు పనికి వస్తాయి.

ఈ జ్ఞాపకం ఏర్పాటు ఎక్కువమందికి తెలిసింది చాట్‌జీపీటీ ద్వారా. 2024 ఫిబ్రవరిలో దాని కంపెనీ ఓపెన్‌ఏఐ కొద్దిమందికి ఈ సౌకర్యం ఇచ్చి చూసింది, అదే ఏడాది మరింతమందికి విస్తరించింది. 2025 ఏప్రిల్‌లో ఇంకొక అడుగు వేశారు. చీటీలే కాదు, పాత సంభాషణల నుంచి కూడా మీ గురించి తెలుసుకుని బదులు చెప్పేటట్టు చేశారు. మిగతా కంపెనీల సహాయకులు కూడా ఇట్లాంటి ఏర్పాట్లతోనే వస్తున్నారు. పేర్లు వేరు, మీటలు ఉండే చోటు వేరు, లోపలి పద్ధతి మాత్రం చాలావరకు ఇదే.

ఆ కంపెనీ తన సహాయ పుటల్లోనే స్పష్టంగా రాసింది: సంభాషణ తీసివేస్తే దాని నుంచి దాచిన జ్ఞాపకం పోదు. జ్ఞాపకాన్ని విడిగా తీసివేయాలి. ఒక సంగతి పూర్తిగా పోవాలంటే చీటీనీ తీసివేయాలి, ఆ సంగతి మొదట వచ్చిన సంభాషణనూ తీసివేయాలి. రెండూ చేయాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. చీటీ తీసి సంభాషణను ఉంచితే, పాత సంభాషణల నుంచి ఏరుకునే ఏర్పాటు వల్ల ఆ మాట మళ్ళీ తలెత్తవచ్చు.

చీటీలు ఎక్కడ కనిపిస్తాయి? చాట్‌జీపీటీలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, పర్సనలైజేషన్ అన్నచోట మెమరీ అన్నది చూస్తే, దాచిన జ్ఞాపకాల పట్టీ వరుసగా వస్తుంది. ఒక్కొక్కదాని పక్కన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. కావలసినదాన్ని మాత్రమే తీయవచ్చు, మొత్తం ఒకేసారి తుడవవచ్చు. ఈ పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి, కొత్త ఫోనులో చోటు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. మెమరీ అనే మాటను పట్టుకుని వెతికితే దొరుకుతుంది. ఇంగ్లీషు చదవడం రాకపోతే ఇంట్లో పిల్లల్ని అడుగుదామనుకుంటారు. కానీ పిల్లలకు కనిపించకూడని చీటీయే అక్కడ ఉంటే ఎట్లా? అప్పుడు తెర మీది మాటలను భాష మార్చి చూసుకోండి. ఈ సహాయకుల్లో చాలావాటికి తెలుగు, కన్నడం రెండూ ఉన్నాయి.

పట్టీ తెరవగానే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. మనం గుర్తు పెట్టుకో అని చెప్పినవే కాదు, చెప్పనివీ అక్కడ ఉంటాయి. ముఖ్యమని తనకు తోచినవి రాసుకుని ఉంటాడు. కొన్ని తప్పులు కూడా ఉంటాయి. ఎవరికోసమో శాకాహార వంటలు అడిగితే, ఈయన మాంసం తినరు అని రాసి పెట్టుకుంటాడు. పక్కింటివారి మోకాళ్ళ నొప్పికి మందు అడిగితే ఆ నొప్పి మీ ఖాతాలో పడుతుంది. ఒకే ఫోను నలుగురు వాడే ఇంట్లో అయితే చెప్పనే అక్కరలేదు, నలుగురి సంగతులూ కలిసి ఒక్క మనిషిగా తయారవుతాయి. తమాటా పండించే, ఇంజనీరింగ్ చదివే, కీళ్ళవాతం ఉన్న, చీరలకు ఫాల్ కుట్టే ఒక విచిత్ర వ్యక్తి! నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఒకరి జబ్బు ఇంకొకరి మందు సలహాలోకి వస్తే అది నవ్వులాట కాదు.

మన సరిహద్దు జిల్లాల వారికి ఇంకొక చిక్కు ఉంది, దీన్ని గురించి రాసేవారు తక్కువ. మనం ఒకే సంగతిని మూడు భాషల్లో మాట్లాడతాము. గొలుసు సంగతి మధ్యాహ్నం తెలుగులో అడిగి ఉంటారు. మరునాడు బ్యాంకుకు కన్నడంలో అర్జీ రాయించుకుంటూ "అడవు" అన్న మాట వాడి ఉంటారు. అప్పుడు ఒకే సంగతికి రెండు చీటీలు తయారు కావచ్చు. ఒక్కొక్కసారి మీరు తెలుగులో చెప్పినదాన్ని సహాయకుడు ఇంగ్లీషులో రాసి పెట్టుకుంటాడు. మీరు పట్టీలో తెలుగు అక్షరాల కోసం చూసి, లేదు గదా అని మూసేస్తారు. కనుక పట్టీ మొత్తం పైనుంచి కిందిదాకా చదవాలి. ఒక చీటీ తీసి ఆగకుండా, అదే సంగతి ఇంకొక భాషలో, ఇంకొక మాటలో ఉందేమో చూడాలి. కుదువ అని ఒకచోట, గోల్డ్ లోన్ అని ఒకచోట, చెల్లెలి ఆపరేషను ఖర్చు అని ఇంకొకచోట ఉండవచ్చు. మూడోదానిలో గొలుసు మాటే లేదు, అయినా తెలివైనవాడికి దారి చూపించడానికి అది చాలు.

ఇక నోటితో చెప్పి తీయించడం. "ఆ గొలుసు సంగతి మరిచిపో" అని సహాయకుడితో అనవచ్చు. చాలాసార్లు పని చేస్తుంది కూడా. కానీ రెండు జాగ్రత్తలు. మొదటిది, ఆయన "సరేనండీ, మరిచిపోయాను" అనడం వేరు, పట్టీలో నుంచి చీటీ పోవడం వేరు. ఆ మాట మర్యాదకు అన్నమాట కావచ్చు. పట్టీ తెరిచి చూస్తేగాని నమ్మవద్దు. రెండవది ఇంకా తమాషా అయినది. "ఇంట్లో ఎవరి ముందూ నా గొలుసు కుదువ సంగతి ఎత్తవద్దు" అని మీరు చెప్పారనుకోండి. పాతది తీయడానికి బదులు, ఆయన దాన్నే కొత్త చీటీగా రాసుకోవచ్చు: "గొలుసు కుదువ సంగతి ఇతరుల ముందు ఎత్తవద్దని కోరారు." రహస్యం పోలేదు సరిగదా, అది రహస్యమని కూడా రాసి పెట్టినట్టయింది! కొడుకు ఆ పట్టీ తెరిస్తే మొదట కంటపడేది అదే. అందువల్ల ఎత్తవద్దు, చెప్పవద్దు అని షరతులు పెట్టకండి. తీసివేయి అనండి, తరువాత మీరే వెళ్ళి చూసుకోండి.

చూసుకోవడంలో కూడా ఒక పద్ధతి ఉంది. తీసివేసిన సంభాషణలోనే కూర్చుని "నా గురించి ఏం తెలుసు" అని అడిగితే లాభం లేదు. ఆ సంభాషణలో పైన మీరు చెప్పినవన్నీ ఆయన కళ్ళ ముందే ఉంటాయి. దాన్ని మూసి, కొత్తది తెరిచి అడగాలి. అప్పుడు కూడా ఆయన చెప్పకపోయినంత మాత్రాన లేదని అర్థం కాదు, ఆ క్షణానికి ఆ చీటీ అవసరం లేదనుకుని ఉండవచ్చు. పట్టీయే అసలు సాక్ష్యం.

మెమరీ మీటను ఆపేస్తే సరిపోదా అని అడుగుతారు. ఆపితే కొత్త చీటీలు రాయడం ఆగుతుంది, ఉన్నవాటిని వాడడం ఆగుతుంది. కానీ పాత చీటీలు పెట్టెలోనే ఉంటాయి. మళ్ళీ ఎప్పుడో మీట వేస్తే అవన్నీ లేచి కూర్చుంటాయి. తాళం వేయడానికీ ఖాళీ చేయడానికీ ఉన్న తేడా ఇది.

ఇంతవరకు మన కంటికి కనిపించే పెట్టెల సంగతి. కంటికి కనిపించనివి కూడా కొన్ని ఉన్నాయి. మనం తీసివేయి అని మీట నొక్కగానే కంపెనీ యంత్రాల్లో ఏమవుతుంది? మన వైపు పాత శానుభోగుల పుస్తకాలు చూసినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. శానుభోగులు తప్పు రాస్తే కాగితం చింపేవారు కాదు. గీత కొట్టి, పక్కన సరైనది రాసేవారు. గీత కింద పాత అక్షరాలు కనబడుతూనే ఉండేవి. కంప్యూటరు కూడా చాలాసార్లు మొదట చేసేది ఇదే. ఆ వరసకు "తీసివేసినది" అని గుర్తు పెడుతుంది. సహాయకుడు ఇకమీదట దాన్ని చదవడు. నిజంగా చెరిపే పని తరువాత, తీరికగా జరుగుతుంది. ఈలోపల పాత నకళ్ళలో, లోపాలు వెతికే చిట్టాల్లో అది ఉంటుంది. తీసివేసిన జ్ఞాపకాల చిట్టాను భద్రత కోసం, లోపాలు సరిచేయడం కోసం 30 రోజుల వరకు ఉంచవచ్చునని ఓపెన్‌ఏఐ చెబుతోంది. తీసివేసిన సంభాషణలకు కూడా మామూలుగా 30 రోజుల గడువే చెప్పింది.

మామూలుగా అన్న మాటకు ఒక కథ ఉంది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ కంపెనీ మీద వేసిన దావాలో, 2025 మే నెలలో అమెరికా కోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. సాక్ష్యం పోకుండా, వాడుకరులు తీసివేసిన సంభాషణలను కూడా దాచి ఉంచమన్నది. పెద్ద సంస్థలకు ఇచ్చిన కొన్ని ఖాతాలు మినహా, ప్రపంచంలో ఎక్కడో కూర్చుని డిలీట్ కొట్టిన మామూలు మనుషుల మాటలు ఆ కొన్ని నెలలు చెరగలేదు. సెప్టెంబరు చివరితో కొత్త సంభాషణలకు ఆ బాధ్యత తొలగింది. కంపెనీ మాట తప్పిందని నేను అనను, కోర్టు చెబితే ఎవరైనా వినవలసిందే. కానీ మన మీట మీద మనకున్న అధికారం ఎంతవరకో దీనితో తెలుస్తుంది.

అన్నిటికంటే లోతైన పొర ఇంకొకటి. మన మాటలను మోడల్‌కు చదువు చెప్పడానికి వాడుకుంటే ఏమవుతుంది? అప్పుడు ఆ మాట చీటీగా ఉండదు. కోట్లాది అంకెల్లో కొద్దికొద్దిగా కలిసిపోతుంది. పాలలో కలిసిన నీళ్ళను వేరు చేసినట్టే, తీయడం చాలా కష్టం. యంత్రానికి నేర్పినదాన్ని మరిపించడం ఎట్లా అని శాస్త్రజ్ఞులు 2015 ప్రాంతం నుంచి ప్రత్యేకంగా పని చేస్తున్నారు. పెద్ద మోడళ్ళలో ఒక్క మనిషి సంగతిని మాత్రమే, మిగతాది చెడకుండా, పూర్తిగా తీశామని రుజువు చేయగల సులభమైన మార్గం ఇంకా చేతికి రాలేదు. కనుక ఇక్కడ తుడవడం కంటే ముందే అడ్డుకోవడమే మేలు. నా మాటలను శిక్షణకు వాడవద్దు అనే మీట ఈ సహాయకుల్లో చాలావాటికి ఉంది, డేటా కంట్రోల్స్ అనో ప్రైవసీ అనో ఉన్నచోట చూడండి. అది జ్ఞాపకం మీటకు వేరు. దీన్ని ఆపితే అది ఆగదు, దాన్ని ఆపితే ఇది ఆగదు.

కోలారు గోల్డ్ ఫీల్డ్స్ చూసినవారికి ఈ లోతు పొర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జాన్ టేలర్ కంపెనీ 1880లో మొదలుపెట్టిన తవ్వకం 2001 ఫిబ్రవరి 28న ఆగింది. గనులు మూసేశారు, తాళాలు వేశారు. కానీ బంగారం తీశాక మిగిలిన మట్టి దిబ్బలు, మనవారు సయనైడు దిబ్బలంటారు, ఊరి మధ్యనే నిలబడి ఉన్నాయి. గాలి కాలంలో ఆ దుమ్ము ఇళ్ళ మీదికి వస్తుంది. గని మూతపడడంతో గని నుంచి వచ్చినది మాయం కాలేదు.

మన దేశపు చట్టం ఏం చెబుతోంది? ఇక్కడ మన కర్ణాటక హైకోర్టు 2017 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పు ఎంతో ఉపయోగపడుతుంది. ఒక తండ్రి కోర్టుకు వచ్చాడు. ఆయన కూతురు పేరు ఒక పాత కేసు ఉత్తర్వులో ఉంది. ఆ కేసు పరిష్కారమైపోయింది. కానీ ఇంటర్నెట్లో ఆమె పేరు కొట్టి వెతికితే ఆ ఉత్తర్వు పైకి వస్తోంది. కాపురానికీ, పరువుకూ దెబ్బ తగులుతుందని ఆయన భయం. బయటి దేశాల్లో మరచిపోబడే హక్కు అని ఒకటి ఉన్నది, ఆడవారికి సంబంధించిన సున్నితమైన కేసుల్లో దాన్ని గౌరవించాలి అని న్యాయమూర్తి అన్నారు. ఇంటర్నెట్ వెతుకులాటలో ఆమె పేరు కనబడకుండా చూడమని తన కార్యాలయాన్ని ఆదేశించారు. అయితే అదే తీర్పులో, ఎవరైనా ఆ ఉత్తర్వు నకలు కోర్టులో అధికారికంగా తీసుకుంటే మాత్రం అందులో పేరు ఉంటుందన్నారు. ఒకచోట చెరిపారు, ఒకచోట ఉంచారు. ఎక్కడ చెరపాలి, ఎక్కడ ఉంచాలి అన్నది తెలిసి ఇచ్చిన తీర్పు అని నాకనిపిస్తుంది.

అదే ఏడాది ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కు అని తేల్చి చెప్పింది. ఆ కేసు వేసినవారు మన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఆ తరువాత 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. మన సమాచారాన్ని సరిదిద్దమనీ, చెరిపివేయమనీ అడిగే హక్కు ఆ చట్టం 12వ సెక్షనులో ఉంది. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. అందులో ఎక్కువ భాగం వెంటనే కాకుండా, 18 నెలల గడువు తరువాత అమలులోకి వచ్చేటట్టు పెట్టారు. వేరే చట్టం ప్రకారం ఉంచి తీరవలసినదాన్ని మాత్రం చెరపనక్కరలేదు.

ఆ చివరి మాట అన్యాయం కాదు. మన పహణి సంగతే తీసుకోండి. కర్ణాటక ప్రభుత్వం భూమి అన్న పేరుతో భూమి రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించింది. సుమారు 67 లక్షల మంది రైతుల రెండు కోట్ల రికార్డులు చేతిరాత పుస్తకాల నుంచి బయటికి వచ్చాయి, తాలూకా కచేరీలో 15 రూపాయలు కట్టి నకలు తెచ్చుకునే రోజులు మొదలయ్యాయి. అందులో మీ తాతగారి పేరు పోయి మీ పేరు రావాలంటే మ్యుటేషన్ జరగాలి. జరిగాక కూడా వెనుకటి చరిత్ర ఉంటుంది. ఉండాలి కూడా. ఎవరో వచ్చి నా పేరు తుడవండి అనగానే తుడిస్తే, రేపు భూమి ఎవరిదని తేలుతుంది? భూమి లెక్క ఊరంతటికీ సాక్ష్యం. గొలుసు సంగతి ఆ ఇంటావిడ ఒక్కదానిది. మొదటిదాన్ని ఉంచడం న్యాయం, రెండోదాన్ని అడిగితే తీసివేయడం న్యాయం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, కంప్యూటరులో పడితే ఇక అంతే అని చేతులు ఎత్తేయడం నాకు నచ్చదు.

అట్లాగని భయపడి అన్నీ ఒక్కసారిగా తుడిచేయమని కూడా చెప్పను. ఒక మందు పడదని, తీసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయని మీరు ఎప్పుడో చెప్పి ఉంటారు. ఆ చీటీ మీకు మేలు చేసేదే. మొత్తం తుడిచే మీట నొక్కితే అది కూడా పోతుంది, కానీ ఆయనకు గుర్తుందిలే అన్న ధీమా మాత్రం మీలో మిగిలిపోతుంది. తుడిచిన తరువాత ఆరోగ్యం సంగతి అడిగేటప్పుడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. అసలు మందుల సంగతి డాక్టరుగారి చీటీలో ఉండాలి, ఫోను మీద వదిలిపెట్టకూడదన్నది వేరే మాట.

తప్పుగా రాసుకున్నదాన్ని తీయడం కంటే సరిదిద్దడం మేలు అనిపించే సందర్భాలు కూడా ఉంటాయి. కొన్ని సహాయకుల్లో చీటీని నేరుగా మార్చవచ్చు. కొన్నిట్లో పాతది తీసి కొత్తది చెప్పాలి. సరిదిద్దాక పాతది నిజంగా పోయిందో, రెండూ పక్కపక్కన ఉన్నాయో చూడండి. రెండూ ఉంటే ఏది ముందు ఎత్తుకుంటాడో చెప్పలేము.

ఇప్పుడు లక్కూరు ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఇంటావిడ ముందే ఏం చేసి ఉండవచ్చు? ఇట్లాంటి సంగతి అడిగేటప్పుడు తాత్కాలిక సంభాషణ అని ఒక పద్ధతి ఉంది, టెంపరరీ చాట్ అంటారు. అందులో మాట్లాడినది చీటీల్లోకి ఎక్కదు, పాత చీటీలు కూడా అందులోకి రావు. కంపెనీ దగ్గర భద్రత కోసం 30 రోజుల వరకు నకలు ఉండవచ్చు గానీ, కొడుకు పెళ్ళి లెక్కల్లోకి మాత్రం రాదు. అంతకంటే సులభమైనది ఇంకొకటి ఉంది. వడ్డీ లెక్కకు అసలు, శాతం, నెలలు చెబితే చాలు. గొలుసు ఎవరిది, ఎందుకు కుదువ పెట్టారు, ఎవరికి తెలియకూడదు అన్నవి లెక్కకు అక్కరలేదు. మనం మనుషులతో మాట్లాడే అలవాటుతో కథంతా చెప్పేస్తాము. ఎదుట ఉన్నవాడు మర్యాదగా వింటాడు గనుక ఇంకా చెప్పేస్తాము.

కొడుక్కు వేరే ఖాతా పెట్టించడం ఇంకొక మార్గం. ఒకే ఫోనులో రెండు ఖాతాలు పెట్టుకోవచ్చు, ఎవరి చీటీలు వారివి. కానీ ఎవరి పని అయ్యాక వారు బయటికి రావాలి. ఒక ఫోను ముగ్గురు వాడే ఇంట్లో ఈ నియమం ఎన్ని రోజులు నిలుస్తుందో నాకు సందేహమే. పాల కేంద్రం నుంచి ఫోను వస్తే ఎవరి చేతికి అందితే వారు తీస్తారు. అందుకని ఈ ఏర్పాటు ఉన్నా, పది పదిహేను రోజులకు ఒకసారి పట్టీ తెరిచి చూసే అలవాటు చేసుకోవడం నయం.

ఆ సాయంత్రం జరిగిపోయిన తరువాత మాత్రం ఆమె చేయవలసినవి ఇవి. మెమరీ పట్టీలో గొలుసు, కుదువ, గోల్డ్ లోన్, అడవు, చెల్లెలు, ఆపరేషను - ఈ మాటలు ఏ భాషలో ఉన్నా ఆ చీటీలన్నీ తీయాలి. బ్యాంకు అర్జీ రాయించుకున్న కన్నడం సంభాషణ తీయాలి. కొడుకు వేసిన పెళ్ళి ఖర్చు పట్టీ సంభాషణ కూడా తీయాలి, ఎందుకంటే ఇప్పుడు గొలుసు మాట అందులో కూడా ఉంది. దాన్ని చాలామంది మరిచిపోతారు. అర్కైవ్ అన్న చోట దాచిపెట్టిన సంభాషణలున్నాయేమో చూడాలి, దాచడం తీసివేయడం కాదు. కొడుకు ఆ జవాబును ఫోటో తీసి మామకు వాట్సాప్‌లో పంపి ఉంటే అది వేరే గోడ, దాన్ని ఈ మీటలేవీ తుడవలేవు. మామకు ఫోను చేసి చెప్పుకోవలసిందే.

ఇక అవ్వ విన్నది ఉంది గదా. దానికి సెట్టింగ్స్‌లో మీట లేదు. ఆమె పక్కన కూర్చుని, చెల్లెలికి ఆపరేషను ఎందుకు అవసరమైందో, గొలుసు ఏ నెలకు ఇంటికి వస్తుందో చెప్పుకోవాలి. వడ్డీ లెక్క ఎట్లాగూ సహాయకుడు వేసే ఇచ్చాడు, అది చూపించవచ్చు.